రాత్రికి రాత్రి బియ్యం ఎగుమతులు ఆపే పద్ధతి మారాలి

సంపాదకుల వారికి నమస్కారం.

ప్రభుత్వ గోదాముల్లో బియ్యం నిల్వలు రికార్డు స్థాయిలో పేరుకుపోయాయని, కొత్త ధాన్యం పెట్టడానికి చోటు చాలడం లేదని ఈమధ్య పత్రికల్లో చదువుతున్నాం. 2023లో ఇదే దేశం, బియ్యం చాలవేమోనన్న భయంతో ఎగుమతులు ఆపేసింది. ఈ రెండింటి మధ్య ఎవరెవరు నలిగిపోయారో కాకినాడ రేవులో పనిచేసినవాళ్లకి తెలుసు. ఓడల్లోకి ఎక్కే బియ్యం నాణ్యత చూసే సర్వేయర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మా తమ్ముడు అమలాపురం దగ్గర వరి పండిస్తాడు. సగం సొంత చేను, సగం కౌలు. అందువల్ల గింజ చేలో ఉన్నప్పటి బాధ, ఓడ ఎక్కేటప్పటి బాధ రెండూ మా ఇంట్లో మాట్లాడుకునేవే. ఆ అనుభవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కాకినాడ నుంచి వెళ్లే బియ్యం ఎక్కడికి పోతుందో మన జిల్లాల్లోనే చాలామందికి తెలియదు. ఇక్కడి యాంకరేజి పోర్టులో పెద్ద ఓడలు ఒడ్డుకి రావు. సముద్రంలోనే లంగరు వేసి నిలబడతాయి. హోప్ ఐలాండ్ అడ్డుగా ఉంది కాబట్టి అలల పోటు తక్కువ. మిల్లుల నుంచి వచ్చిన బస్తాలు బార్జిల్లో ఓడ పక్కకి చేరతాయి, అక్కడ క్రేన్‌తో లోపలికి దిగుతాయి. చినుకు పడితే పని ఆపి ఓడలో సరుకు గదుల మూతలు వేసేయాలి. తడిసిన బస్తాలు లోపలికి పోతే నెల రోజుల ప్రయాణంలో వాటి చుట్టూ ఉన్న సరుకు కూడా బూజు పట్టి, అక్కడి రేవులో దింపుకోబోమని కొన్నవాళ్లు గొడవ చేస్తారు. ఇనుప గొట్టం గుచ్చి బస్తాలోంచి గింజలు తీసి, నూక ఎంత, తేమ ఎంత, రంగు మారిన గింజ ఎంత అని లెక్క రాయడం నా పని. ఆ కాగితం మీద చేరాల్సిన రేవు పేరు ఉంటుంది. కొటొనౌ, లోమే, అబిజాన్, డకార్. అన్నీ పశ్చిమ ఆఫ్రికా ఊళ్లే.

బెనిన్ దేశంలోని కొటొనౌకి ఎక్కువగా ఉప్పుడు బియ్యం వెళ్తుంది. అందులో చాలా భాగం పక్కనున్న నైజీరియాలోకి చేరుతుందన్నది ఓడల వ్యాపారంలో ఉన్న అందరికీ తెలిసిన సంగతే. సెనెగల్‌కి నూకలు వెళ్తాయి. మనం నూకల్ని ఉప్మాకో, కోళ్ల దాణాకో తీసి పక్కన పెడతాం. వాళ్లకి మాత్రం చేపల పులుసుతో కలిపి వండే ముఖ్యమైన వంటకానికి నూకలే కావాలి. ఫ్రెంచివాళ్లు పాలించిన రోజుల్లో ఇండోచైనా నుంచి నూకలు తెచ్చి అమ్మారు, అదే తిండి అలవాటై నిలిచిపోయింది.

మన గోదావరి రైతుకి ఈ దేశాలతో ఉన్న లంకె దాళ్వాలో, అంటే రబీ వరిలో ఉంది. దాళ్వా ధాన్యం మండు వేసవిలో కోతకొస్తుంది. దాన్ని పచ్చి బియ్యంగా ఆడిస్తే సగం నూకే అవుతుంది. ఉడికించి, ఆరబెట్టి ఆడిస్తే గింజ విరగదు. అందుకే బొండాల లాంటి రకాలు ఉప్పుడు బియ్యమై కేరళకో, ఆఫ్రికాకో పోతాయి. కేంద్రం సేకరణలో ఉప్పుడు బియ్యం తగ్గించుకున్నాక ఈ ఎగుమతులే పెద్ద ఆసరా అయ్యాయి. కొటొనౌలో ఒక తల్లి వండే అన్నానికి, కోనసీమలో ఒక కౌలు రైతు కట్టే మక్తాకి మధ్య ఇంత దగ్గర బంధుత్వం ఉందని నా ఉద్యోగంలోనే తెలుసుకున్నాను.

ఇప్పుడు అసలు విషయం. 2022 మార్చి నెల, దేశంలో లెక్కలు రాయడం మొదలుపెట్టిన 1901 నుంచి అన్ని మార్చిల్లోకీ వేడైనది. పంజాబు, హర్యానాల్లో గోధుమ గింజ పాలు పోసుకునే సమయంలో ఆ వేడి తగిలి గింజ ముడుచుకుపోయింది. అప్పటికి ఉక్రెయిన్ యుద్ధం మొదలై నల్లసముద్రం నుంచి గోధుమ ఆగిపోయింది. అవసరమైతే మేం ప్రపంచానికి తిండి పెడతామని ఏప్రిల్‌లో మన దేశం చెప్పింది, మే 13న గోధుమ ఎగుమతులు నిషేధించింది. ఆ తర్వాత వంతు బియ్యానిది. సెప్టెంబరు 8న నోటిఫికేషన్ వచ్చింది. నూకల ఎగుమతి బందు, పచ్చి బియ్యం మీద 20 శాతం సుంకం. మర్నాటి నుంచే అమలు.

ఆ మర్నాడు రేవు ఎలా ఉందో చెప్తాను. ఒప్పందాలు పాత ధరకి అయిపోయి ఉన్నాయి. సుంకం మేం కట్టబోమని కొన్నవాళ్లు అన్నారు. ఇరవై శాతం మా లాభంలో ఎక్కడుందని అమ్మినవాళ్లు అన్నారు. లంగరేసి ఉన్న ఓడలకి రోజుకింతని డెమరేజి, అంటే ఓడని ఆపి ఉంచినందుకు కట్టే రుసుము, పెరుగుతోంది. గోదాముల ముందు లారీలు వరసగా ఆగిపోయాయి. డ్రైవర్లు లారీల కిందే వంట చేసుకున్నారు. బార్జిల మీద పనిచేసే కలాసీలకి కూలి లేదు. దేశంలోని రేవులన్నిట్లో కలిపి దాదాపు పది లక్షల టన్నుల బియ్యం ఇలా చిక్కుకుపోయిందని వ్యాపార సంఘాలు అప్పట్లో చెప్పాయి. చిక్కుకున్న సరుకులో వానాకాలపు తేమకి పురుగు పడుతుంది, మళ్లీ మందు పొగ పెట్టించాలి, మళ్లీ శాంపిలు తీయాలి. ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది? మిల్లరు తన నష్టాన్ని తర్వాతి పంటలో ధాన్యం కొనేటప్పుడు రాబట్టుకుంటాడు. రైతుకి ఆ నోటిఫికేషన్ సంగతే తెలియదు, బస్తాకి రేటు తగ్గిందని మాత్రం తెలుస్తుంది.

మరుసటి ఏడాది ఇంకా గట్టి దెబ్బ. 2023 ఎల్‌నినో సంవత్సరం, అంటే పసిఫిక్ సముద్రం వేడెక్కి మనకి వానలు తగ్గే ఏడాది. ఉక్రెయిన్ ధాన్యం ఓడల్ని వెళ్లనిచ్చే నల్లసముద్రం ధాన్యం ఒప్పందం నుంచి జూలై 17న రష్యా తప్పుకుంది. మూడు రోజులకి, జూలై 20న, మనం పచ్చి బియ్యం ఎగుమతులు పూర్తిగా నిషేధించాం. ఆగస్టులో దేశం మొత్తం మీద వాన మామూలు కన్నా 36 శాతం తక్కువ పడింది. 1901 నుంచి అంత పొడి ఆగస్టు లేదు. ఆగస్టు 25న ఉప్పుడు బియ్యం మీద కూడా 20 శాతం సుంకం వేశారు. ప్రపంచంలో ఎగుమతయ్యే బియ్యంలో దాదాపు 40 శాతం మనదే. ఆ 40 శాతంలో పెద్ద ముక్క ఒక్కసారిగా తగ్గితే ఏమవుతుంది? థాయిలాండ్, వియత్నాం బియ్యం ధరలు పదిహేనేళ్లలో ఎన్నడూ లేనంత పైకి పోయాయి.

అమెరికాలో మనవాళ్లు సోనామసూరి బ్యాగుల కోసం ఇండియన్ స్టోర్ల ముందు క్యూలు కట్టిన వీడియోలు అప్పుడు టీవీల్లో రోజంతా చూపించారు. మా బంధువుల పిల్లలూ ఆ క్యూల్లో ఉన్నారు. వాళ్లకి టెన్షన్ కలిగింది నిజమే. అయినా కాస్త ఎక్కువ పెట్టి కొనుక్కోగలిగారు, అన్నం మానలేదు. కొటొనౌ, డకార్ బజార్లలో ఏం జరిగిందో మన టీవీలు చూపించలేదు. ఆఫ్రికాలో ఆ సంవత్సరం అయిదుగురిలో ఒకరు ఆకలితో ఉన్నారని ఐక్యరాజ్యసమితి సంస్థల నివేదిక చెప్పింది. ప్రపంచం మొత్తం మీద ఆ సంఖ్య 73 కోట్లు. సంపాదనలో సగం తిండికే పోయే ఇంట్లో బియ్యం ధర పెరిగితే ముందు పప్పు, చేప తగ్గుతాయి, తర్వాత పిల్లల ఫీజు ఆగుతుంది, ఆ తర్వాత ఒక పూట తగ్గుతుంది.

నా పాత పరిచయస్తుడు ఒకాయన, బెనిన్‌లో బియ్యం కొనే సంస్థ తరఫున కాకినాడ వచ్చి సరుకు చూసుకెళ్లేవాడు. ఆ ఆగస్టులో ఫోన్ చేశాడు. ధర గురించి అడగలేదు. ఈ సుంకం ఎప్పటి వరకు ఉంటుంది, ఏదైనా తేదీ ఉందా, తేదీ తెలిస్తే మేం ఏదో ఒక ఏర్పాటు చేసుకుంటాం అన్నాడు. ఆయనకి చెప్పడానికి నా దగ్గర తేదీ లేదు. నా దగ్గరే కాదు, ఎగుమతిదారుల దగ్గరా లేదు. ఎందుకంటే ఆ నోటిఫికేషన్లలో ఏ పరిస్థితి వస్తే ఆంక్ష ఎత్తేస్తారన్న మాటే ఉండదు.

సొంత ప్రజల అన్నం ముందు చూసుకోవడం ప్రభుత్వ ధర్మం. ఎనభై కోట్ల మందికి రేషన్ ఇచ్చే దేశం జాగ్రత్తపడటంలో తప్పు లేదు. ఆ మాట ఒప్పుకునే అడుగుతున్నాను. 2023 జూలై 1 నాటికి ఉండాల్సిన బియ్యం నిల్వ ప్రమాణం దాదాపు 1.35 కోట్ల టన్నులు. మిల్లులకి ఇచ్చిన ధాన్యాన్ని కూడా కలుపుకుంటే అప్పుడు ప్రభుత్వం దగ్గర దానికి రెండింతలకు పైగా ఉంది. పోనీ, నిషేధం వల్ల ఇక్కడ ధర దిగిందా? కిరాణా కొట్లో సోనామసూరి ధర దిగలేదు. దిగి ఉంటే 2024 ఫిబ్రవరిలో కిలో 29 రూపాయలకి భారత్ రైస్ అని విడిగా అమ్మాల్సిన అవసరం కేంద్రానికి ఎందుకొచ్చింది? నిషేధం 2024 సెప్టెంబరు 28 దాకా, అంటే పద్నాలుగు నెలలు నడిచింది. నూకల మీద నిషేధం 2025 మార్చి దాకా ఉంది. ఈలోగా 2024లో వానలు బాగా పడ్డాయి, గోదాములు నిండాయి, మనం తిరిగి అమ్మడం మొదలుపెట్టేసరికి ప్రపంచ ధరలు పడిపోయాయి. ధర ఉన్నప్పుడు అమ్మనివ్వలేదు, లేనప్పుడు అమ్ముకోమన్నారు. రైతు వైపు నుంచి చూస్తే జరిగింది అదే.

కోనసీమకి ఇది కొత్త కాదు. 2007 అక్టోబరులో ఇలాగే బియ్యం మీద ఆంక్షలు మొదలై 2008 ఏప్రిల్‌కి పూర్తి నిషేధం అయింది. ఆ సంవత్సరం ప్రపంచంలో వరి పంట దెబ్బతినలేదు, బాగానే పండింది. ఆస్ట్రేలియాలో వరసగా కరవు వచ్చి తగ్గింది గోధుమ. గోధుమ దిగుమతి భారమై మనం బియ్యం పట్టుకున్నాం. మనల్ని చూసి వియత్నాం పట్టుకుంది. దొరకదేమోనని ఫిలిప్పీన్స్ ఎంత ధరకైనా కొనడానికి టెండర్లు పిలిచింది. 2008 జనవరిలో టన్ను 400 డాలర్లకి కాస్త లోపలే ఉన్న థాయి బియ్యం నాలుగు నెలల్లో వెయ్యి డాలర్లు అయింది. హైతీలో జనం తిండి కోసం వీధుల్లోకి వచ్చారు, ఏప్రిల్‌లో అక్కడి ప్రధానమంత్రి పదవి పోయింది. చివరికి జపాన్ తన దగ్గరున్న దిగుమతి బియ్యం నిల్వల్లోంచి ఫిలిప్పీన్స్‌కి ఇస్తామని ప్రకటించింది. ఆ గోదాముల్లోంచి ఓడలు కదలకముందే ధర దిగడం మొదలైంది. పంట తక్కువై వచ్చిన కరువు కాదు అది. ఎవరి గోదాము వాళ్లు గట్టిగా మూసుకోవడం వల్ల వచ్చింది.

మన నిషేధం 2011 సెప్టెంబరు దాకా ఎత్తలేదు. ఈ మధ్యలో పంటలు పండాయి, గోదాములు నిండాయి, మిల్లరు కొనడం మానేశాడు. 2010లో మేలో లైలా, నవంబరులో జల్ తుపాన్లు. తడిసిన ధాన్యాన్ని అడిగినవాడు లేడు. మద్దతు ధర క్వింటాలుకి వెయ్యి రూపాయలన్నా చేతికి అంత రాలేదు. 2011 సార్వాకి, అంటే ఖరీఫ్‌కి, కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. మూడు పంటలు చూసే నేలని, కాలువలో నీళ్లు పారుతుండగా, ఖాళీగా వదిలేశారు. దేశమంతా వచ్చి చూసింది. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. మా నాన్నగారు అప్పటికి బతికి ఉన్నారు. చేను బీడుగా ఉంటే ఊరికి మంచిది కాదని ఆయన భోజనం దగ్గర రోజూ గొణిగేవారు. తమ్ముడు మాత్రం, పండించి అప్పు పెంచుకోవడం కంటే ఇదే నయం నాన్నా అన్నాడు. ఆ విరామానికి కారణాలు చాలా ఉన్నాయి, కూలి రేట్లు, కౌలు, ఎరువుల ఖర్చు. కానీ ధాన్యం అమ్ముడుపోయే దారి నాలుగేళ్లు మూసి ఉంచడం వాటిలో పెద్దది. ఎగుమతులు ఆపడం అంటే తిండి భద్రత అనుకునేవాళ్లు ఆ బీడు పొలాలు గుర్తు చేసుకోవాలి. ధర రాని పంటని రైతు మళ్లీ వేయడు. అప్పుడు ఇక్కడా బియ్యం ఉండవు, డకార్‌లోనూ ఉండవు.

ఇతరులు మన మీద ఇదే పని చేసినప్పుడు మనకి ఎలా ఉందో కూడా చూడాలి. 2022 ఏప్రిల్ చివర్లో ఇండోనేసియా పామాయిల్ ఎగుమతి ఆపింది. మూడు వారాలే ఆపింది. అప్పటికే ఉక్రెయిన్ నుంచి సన్‌ఫ్లవర్ నూనె ఆగి ఉంది. మన ఇళ్లలో లీటరు నూనె ప్యాకెట్ రెండు వందలకి అటూ ఇటూ పోయింది, రోడ్డు పక్కన బజ్జీలు, పునుగులు వేసుకుని బతికేవాళ్లు బండ్లు తీసేశారు. వంటనూనెల్లో సగానికి పైగా దిగుమతే కాబట్టి వాళ్లు తలుపు వేస్తే మన పొయ్యి మీద తెలుస్తుంది.

యూరియా సంగతి ఇంకా దారుణం. 2025 సార్వాలో తెలంగాణలో, మన దగ్గరా సొసైటీల ముందు తెల్లవారుజాము నుంచి క్యూలు. నిలబడే ఓపిక లేని పెద్దవాళ్లు చెప్పులు, పాసుపుస్తకాలు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చున్న ఫొటోలు పత్రికలన్నీ వేశాయి. 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు, కానీ ఆ ధరకి దొరికితేగా. చైనా యూరియా ఎగుమతులు బిగించింది, ఎర్రసముద్రంలో ఓడలకి దారి బాగోలేదు, ఇక్కడి కర్మాగారాలు కొన్ని సరిగా నడవలేదు. వానలు బాగా పడి నాట్లు పెరిగిన ఏడాదే ఎరువు లేకపోయింది. పిలక దశలో పడాల్సిన యూరియా పదిహేను రోజులు ఆలస్యమైతే ఎన్ని బస్తాలు తగ్గుతాయో ఏ రైతునడిగినా చెప్తాడు. చైనా తన రైతుల కోసమే ఆపింది. మనం మన జనం కోసమే బియ్యం ఆపాం. కారణం ఎవరికి వాళ్లకి సబబుగానే ఉంటుంది. అవతల క్యూలో నిలబడే మనిషికి మాత్రం చెప్పేవాడు ఉండడు.

వాతావరణం ఇక శాంతించి ఈ సమస్య దానంతటదే తగ్గుతుందనే ఆశ నాకు లేదు. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. అది మామూలుగా ఆగస్టులో రావాల్సిన వరద. లంకల్లో నారుమళ్లు, కూరగాయలు, అరటి పోయాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోత కోసి పనల మీద ఉన్న వరి నీళ్లలో తేలింది, పడిపోయిన చేలల్లో కంకి మీదే మొలకలొచ్చాయి. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను మన నరసాపురం వైపే దాటింది. అప్పటికి సార్వా చేలు కొన్ని పూత మీద, కొన్ని పాలు పోసుకునే దశలో ఉన్నాయి. పూత మీద గాలివాన కొడితే పుప్పొడి కడుక్కుపోయి గింజ తాలైపోతుంది. పైకి చేను పచ్చగానే కనబడుతుంది, నష్టం నూర్పిడిలో గానీ తెలియదు. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్లు పడిపోయిన చేను రాసుకుంటారు, నిలబడి తాలైన చేను రాసుకోరు. మా తమ్ముడి కౌలు చేను రెండో రకం. కౌలు కాగితం లేదు కాబట్టి మొదటి రకమైనా పరిహారం భూమి ఉన్నాయన ఖాతాలోకే పోయేది.

మన మారుటేరు పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం తూర్పు భారతమంతా పాకింది. దానికే మునక తట్టుకునే గుణం చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. నాట్లు వేశాక రెండు వారాలు మునిగినా బతుకుతుంది. ఎంతో మంచి పని. కానీ పూత మీద కొట్టే గాలివానకి, కోత మీద పడే వానకి ఆ గుణం అక్కరకి రాదు. ఇంకో కనబడని నష్టం రాత్రి వేడి. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్లు తమ పొలాల్లో ఏళ్ల తరబడి లెక్కలు చూసి, రాత్రి ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగినప్పుడు దిగుబడి పది శాతం తగ్గిందని 2004లోనే రాశారు. దాళ్వాలో మార్చి, ఏప్రిల్ రాత్రులు ఇప్పుడు ఎలా ఉంటున్నాయో డెల్టాలో ఉన్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

డబ్బున్న దేశాలూ దీన్నుంచి తప్పించుకోలేదు. 2023 వేసవి వేడికి జపాన్‌లో బియ్యం నాణ్యత పడిపోయింది. ఆ కొరత ముదిరి ఏడాది తిరిగేసరికి ధర రెట్టింపు అయింది, 2025 మార్చిలో అత్యవసర నిల్వలు బయటికి తీశారు. అభిమానులు ఇస్తారు కాబట్టి నేనెప్పుడూ బియ్యం కొనలేదని మాట్లాడినందుకు అక్కడి వ్యవసాయ మంత్రి ఆ మేలో రాజీనామా చేయాల్సి వచ్చింది. ఫిలిప్పీన్స్ అదే ఏడాది ఫిబ్రవరిలో బియ్యం ధరల మీద ఆహార భద్రత ఎమర్జెన్సీ ప్రకటించింది. ప్రపంచంలో పండే బియ్యంలో పదో వంతే సరిహద్దులు దాటి అమ్ముడవుతుంది. మిగతాది పండినచోటే తింటారు. అందుకే ఒక్క దేశం చేయి వెనక్కి తీసుకున్నా బజారు అంతలా ఊగిపోతుంది. ఆ ఒక్క దేశం ఇప్పుడు మనమే.

కాబట్టి కేంద్ర వాణిజ్య, ఆహార శాఖలను మన ఎంపీలు, ముఖ్యంగా కాకినాడ, అమలాపురం, నరసాపురం వాళ్లు, పార్లమెంటులో ఒక మాట అడగాలని నా కోరిక. బియ్యం నిల్వ ఏ స్థాయికి తగ్గితే సుంకం వేస్తారు, ఏ స్థాయికి తగ్గితే నిషేధిస్తారు, మళ్లీ ఎంతకి పెరిగితే ఎత్తేస్తారు అన్నది ఏటా మే నెలలోనే, రైతు నారు పోయకముందే, రాసి ప్రకటించాలి. అప్పుడు ఎల్‌నినో వచ్చినా ఇక్కడి మిల్లరుకి, అక్కడి కొనుగోలుదారుకి ముందే అంచనా ఉంటుంది, భయంతో ఎగబడి కొనడం తగ్గుతుంది. అప్పటికే ఒప్పందమై డబ్బు హామీ వచ్చిన సరుకుని, రేవు గోదాముకి చేరిన సరుకుని ఏ ఆంక్షా తాకకూడదు. 2023 నిషేధంలో పేద దేశాల ప్రభుత్వాలు అడిగితే కోటా ఇచ్చారు, సహకార ఎగుమతుల సంస్థ ద్వారా పంపించారు. మంచిదే, కానీ ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది ఒక్కొక్కరికి విడిగా నెలల తరబడి తేల్చారు. మన బియ్యం మీదే బతికే దేశాలకి సంవత్సరానికి ఇంత తప్పకుండా ఇస్తామని ముందే ఒప్పందం ఉండాలి. యూరియా, డీఏపీ, వంటనూనెల విషయంలో అవతలి దేశాల నుంచి మనమూ అలాంటి మాటే తీసుకోవాలి. ఇవ్వనివాడికి అడిగే ముఖం ఉండదు.

రాష్ట్ర ప్రభుత్వం చేయాల్సింది ఇంకా దగ్గర్లో ఉంది. నవంబరు తుపాన్లు వచ్చేలోగా సార్వా కోతలు అయిపోవాలంటే ధవళేశ్వరం నుంచి జూన్ 1కే కాలువలకి నీళ్లు వదలాలి. 2022లో వదిలారు కూడా. వదిలినా శివారు భూములకి ఆ నీళ్లు చేరాలి. ప్రతి సొసైటీ దగ్గర ధాన్యం ఆరబెట్టే డ్రయ్యరు ఒకటి ఉండాలి. తేమ 17 శాతం దాటితే తీసుకోమంటారు. వాన పడుతుంటే రోడ్డు మీద బరకాలు కప్పి ఆరబెట్టుకునే రైతు ఆ 17 ఎక్కడ నుంచి తెస్తాడు? 2025-26 మద్దతు ధర ప్రకారం 75 కిలోల బస్తాకి 1,777 రూపాయలు రావాల్సింది. తేమ పేరు చెప్పి, రంగు పేరు చెప్పి కోత పెడితే ఎంత మిగులుతుందో కళ్లంలో నిలబడి చూడాలి. నేను ఉద్యోగంలో ఉండగా తిప్పి పంపిన రంగు మారిన సరుకులో ఎక్కువ భాగం సకాలంలో ఆరక అలా అయిందే. గింజలో లోపం లేదు.

మురుగు కాలువల సంగతి అన్నిటికన్నా అత్యవసరం. మొంథా వాన ఆగాక కూడా మా తమ్ముడి చేలో నీళ్లు రోజుల తరబడి దిగలేదు, ఎందుకంటే కింద డ్రెయిన్ నిండా గుర్రపుడెక్క, పూడిక. పూడిక తీసే పనులకి ఏటా మే చివర్లో కదలిక వస్తుంది, జూన్‌లో కాలువలకి నీళ్లొచ్చాక సగంలో ఆపి బిల్లులు పెడతారు. ఈసారి దాళ్వా అయిపోయి కాలువలు కట్టేసిన వారంలోనే, అంటే ఏప్రిల్‌లోనే పని మొదలవ్వాలి. టెండర్లు ఫిబ్రవరికి పూర్తవ్వాలి. ఏ డ్రెయిన్ ఎన్ని కిలోమీటర్లు తీశారో ఊరి సచివాలయం గోడ మీద రాసి పెడితే, నిజమో కాదో రైతులే నడిచి వెళ్లి చూసుకుంటారు.

ఇట్లు,
విశ్రాంత కార్గో సర్వేయర్,
జగన్నాథపురం, కాకినాడ.